నర్సుల చదువు: సిద్ధపడవలసినది ఎవరు?

2023 జూలై 28న లోక్‌సభ రెండు బిల్లులను మూజువాణి ఓటుతో ఆమోదించింది. ఒకటి దంతవైద్య విద్యకు సంబంధించినది. రెండవది నర్సింగ్, ప్రసూతి సేవల విద్యకూ వృత్తికీ సంబంధించినది. మణిపూర్ దారుణాలపై ప్రధానమంత్రి సభకు సమాధానం చెప్పాలంటూ ప్రతిపక్ష సభ్యులు నినాదాలు చేస్తున్నారు. పాత గుండ్రని భవనంలో జరిగిన చివరి వర్షాకాల సమావేశాలవి. పత్రికా ప్రతినిధుల గ్యాలరీలో కూర్చున్న మాకు మంత్రి మాటలు సగం వినిపించాయి, సగం వినిపించలేదు. ఆగస్టు 8న రాజ్యసభ కూడా సరేననడంతో 1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టానికి దారి ఏర్పడింది.

మణిపూర్ గురించి ప్రతిపక్షం పట్టుబట్టడం తప్పని నేను అనను. కాని డెబ్బయి అయిదేళ్లు దాటిన ఒక చట్టం మారుతున్న వేళ, ఆ చట్టం ఎవరి చదువును శాసిస్తుందో, ఆ చదువుకు వచ్చేవారు ఎటువంటివారో సభలో ఎవరైనా ప్రశ్నిస్తారేమోనని చూశాను. నాకు వినిపించినంతలో ఆ ప్రశ్న రాలేదు. సభ్యులను మాత్రమే తప్పు పట్టడం న్యాయం కాదు. ఆనాడు నేను పంపిన వార్తలో కూడా ఆ బిల్లుకు దక్కినవి నాలుగు వాక్యాలే.

ఆ నాలుగు వాక్యాలు ఎంత తక్కువో ఇటీవల ఒక రోజు బోధపడింది. ఢిల్లీలోని ఒక నర్సింగ్ కళాశాలవారు, చట్టాలు ఎలా తయారవుతాయో తమ విద్యార్థులకు చెప్పవలసిందని నన్ను పిలిచారు. నా ఉపన్యాసం సాయంత్రం నాలుగు గంటలకు. ఉదయమే వచ్చి తరగతిలో వెనుక బెంచీ మీద కూర్చోవచ్చునా అని అడిగితే వారు అభ్యంతరం చెప్పలేదు. అది పోస్ట్ బేసిక్ తరగతి. అంటే ఇంటర్మీడియట్ ముగించి నేరుగా వచ్చిన పిల్లల తరగతి కాదు. జనరల్ నర్సింగ్ డిప్లొమా పూర్తిచేసి, నర్సులుగా పేరు నమోదు చేయించుకుని, చాలామంది ఏళ్ల తరబడి ఉద్యోగాలు కూడా చేసి, రెండేళ్లలో బి.ఎస్‌సి. పట్టా అందుకోవాలని మళ్లీ బడిలో కూర్చున్నవారి తరగతి.

అందరూ ఒకే రకం తెల్లకోటు తొడుక్కున్నారు. దూరం నుంచి చూస్తే అందరూ ఒక్కరే. దగ్గరికి వెళ్లి మాట్లాడితే ఏ ఇద్దరికీ పోలిక లేదు. నలుగురి సంగతి చెబుతాను. పేర్లు అవసరం లేదు.

మొదటి ఆమె కేరళ నుంచి వచ్చారు. వయస్సు 43. గల్ఫ్‌లో పదకొండేళ్లు ఇంటెన్సివ్ కేర్ విభాగంలో పనిచేశారు. వెంటిలేటర్ మోగిందంటే, గదిలో అడుగు పెట్టకముందే అది ఏ మోతో, ఎందుకు మోగిందో చెప్పగలరు. అయితే గ్రామ ఆరోగ్య సర్వే అన్నా, గణాంక శాస్త్రం అన్నా ఆమెకు చెమటలు పడతాయి. రెండవవాడు రాజస్థాన్ కుర్రవాడు, వయస్సు 26. కేంద్ర ఆసుపత్రుల నియామక పరీక్షలకు కోచింగ్ తీసుకున్నవాడు. పుస్తకంలో ఏ పుటలో ఏముందో కంఠతా వచ్చు. చావుబతుకుల్లో ఉన్న రోగి బంధువు ఎదురైతే మాత్రం ముఖం తిప్పుకుని వెళ్లిపోతానని తనే ఒప్పుకున్నాడు. మూడవ ఆమె మిజోరాం యువతి. ఆమె ఇంగ్లీషు నా ఇంగ్లీషు కంటె మెరుగు. కాని బులంద్‌షహర్ నుంచి వచ్చిన ఒక ముసలమ్మ మంచం మీద లేచి కూర్చుని, 'జీ ఘబ్రా రహా హై' అంటే, అది గుండె దడా, వికారమా, ఒట్టి భయమా తేల్చుకోలేక ఆమె నిలువునా నీరైపోయిందట.

నాలుగవ ఆమె మన తెలుగు ఆమె. పార్వతీపురం వైపు ఏజెన్సీలో ఆరేళ్లు ఏ.ఎన్.ఎం.గా పనిచేశారు. తరువాత జనరల్ నర్సింగ్ చదివారు. భర్త కేంద్ర రిజర్వు పోలీసు దళంలో జవాను. ఆయన బదిలీతో ఢిల్లీ వచ్చి, ఒక నర్సింగ్ హోములో రాత్రి డ్యూటీలు చేసి, కూడబెట్టిన డబ్బుతో ఈ కోర్సులో చేరారు. వయస్సు 38. ఇద్దరు పిల్లలు. నిరుడు ఒక పేపరు పోయింది. ఈసారి కూడా పోతే ఇక రాత్రి డ్యూటీలే గతి అని నవ్వుతూనే చెప్పారు.

ఆ ఉదయం పాఠం పిల్లల వ్యాధుల గురించి. పాఠం చెప్పిన అధ్యాపకురాలు సగంమంది విద్యార్థుల కంటె వయస్సులో చిన్న. శ్రద్ధ లేని మనిషి కాదు. కాని గంటసేపు నోట్సు చెప్పారు, వీరు రాసుకున్నారు. చివర ప్రశ్నలు. 'టాకిప్నియా' అంటే నిర్వచనం ఇంగ్లీషులో చెప్పమని మన తెలుగు ఆమెను లేపారు. ఆమె లేచి నిలబడి, తల వంచుకుని, కూర్చున్నారు. రాజస్థాన్ కుర్రవాడు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. అధ్యాపకురాలు ఆమె పేరు ఎదుట ఏదో గుర్తు పెట్టుకున్నారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె నాతో అన్న మాటలు ఇవి: "జబ్బు తెలుసు సార్. పుస్తకంలో దాని పేరే తెలీదు. పసిబిడ్డ ఒంటి మీద గుడ్డ తీసి, పొట్ట ఎగిరిపడడం గడియారం చూసి లెక్కపెట్టేదాన్ని. రెండు నెలలు నిండని బిడ్డకి నిమిషానికి అరవై, ఏడాదిలోపు బిడ్డకి యాభై, అయిదేళ్లలోపు పిల్లలకి నలభై. ఆ లెక్క తగిలిందంటే నిమ్మే. డోలీ కట్టించి కిందికి పంపేసేదాన్ని. మేడమ్ అడిగింది అదేనని ఇప్పుడు ఆ అబ్బాయి చెబితే తెలిసింది."

ఆమె చెప్పిన అంకెలు అక్షరాలా సరైనవి. శిశు మరణాలను తగ్గించడానికి దేశమంతటా ఆరోగ్య కార్యకర్తలకు నేర్పుతున్న అంకెలే అవి. శ్వాస వేగాన్ని నిర్వచించలేకపోయిన ఆ మనిషి, శ్వాస వేగాన్ని లెక్కగట్టి ఎందరు పసివాళ్లను కొండ దింపించి ఉంటుందో ఏ రిజిస్టరులోనూ దొరకదు. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. దగ్గడం వచ్చిన తాతకు దగ్గు నిర్వచనం రాలేదని సున్న మార్కులు వేయడం అంతకంటె ఒక మెట్టు పైన.

అయితే కథ ఇక్కడితో ఆపితే అది అనుభవానికి హారతి పట్టడం అవుతుంది. మధ్యాహ్నం వార్డులో నేను చూసినది ఈ విషయానికి రెండవ ముఖం.

వార్డులో పాఠం చెప్పే శిక్షకురాలు వేరే మనిషి. యాభై దాటినవారు. లోపలికి వెళ్లే ముందు వరండాలోనే విద్యార్థులను నిలబెట్టి, ఈ వార్డులో ఎవరికి ఏ పని బాగా వచ్చు, ఏ పని అంటే భయం అని ఒక్కొక్కరినీ అడిగారు. వెంటిలేటర్ దగ్గర కేరళ ఆమెను బోధకురాలిని చేసి తాను వెనుక నిలబడ్డారు. మిజోరాం యువతికి హిందీ వచ్చిన జోడీని కుదిర్చారు. మన తెలుగు ఆమె ఒక రోగి కూతురి పక్కన మెట్ల మీద కూర్చుని మాట్లాడుతుంటే, రాజస్థాన్ కుర్రవాణ్ని ఊరికే పక్కన కూర్చుని చూడమన్నారు.

ఇన్సులిన్ మోతాదు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమె స్వరం మారిపోయింది. అక్కడ ఎవరి అనుభవానికీ విలువ ఇవ్వలేదు. "మేము అక్కడ ఇలాగే చేసేవాళ్లం" అని కేరళ ఆమె అనబోతే మధ్యలోనే ఆపేశారు. కారణం ఉంది. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు మిల్లీలీటరుకు 40 యూనిట్లవి ఉన్నాయి, 100 యూనిట్లవి ఉన్నాయి. దేని సిరంజి దానిదే. నలభైకి ఎర్ర మూత, నూటికి నారింజ మూత. ఒకదాని సీసా, మరొకదాని సిరంజి అయితే రోగికి అందే మందు రెండున్నర రెట్లు ఎక్కువైనా అవుతుంది, అందులో రెండున్నరో వంతుకు తగ్గినా తగ్గుతుంది. నూరు యూనిట్ల సీసాకే అలవాటుపడిన చేయి ఇక్కడ ప్రమాదకరం. అందుచేత ప్రతి ఒక్కరూ లెక్క కాగితం మీద వేయాలి, పక్కవారు సరిచూడాలి, ఆ తరువాతే సిరంజి. ఎలిమెంటరీ బడిలో ఎక్కాలు అప్పజెప్పించినట్లు అప్పజెప్పించారు. ఒక్కరూ నొచ్చుకోలేదు.

ఉదయపు తరగతికీ, మధ్యాహ్నపు వార్డుకూ మధ్య ఉన్న తేడాయే ఈ వ్యాసానికి ముడిసరుకు. ఉదయం అందరినీ ఒకే గాటన కట్టారు. మధ్యాహ్నం ఎవరు దేనికి సిద్ధంగా ఉన్నారో, దేనికి లేరో ముందు చూశారు, తరువాత నేర్పారు. దురదృష్టమేమిటంటే, సంవత్సరాంతంలో ఈ విద్యార్థుల తలరాతను ప్రధానంగా తేల్చేది ఉదయపు పద్ధతే.

వయోజనులకు బోధించడం వేరొక విద్య అన్న మాట కొత్తది కాదు. అమెరికన్ విద్యావేత్త మాల్కమ్ నోల్స్ 1970లో ప్రచురించిన గ్రంథంలో దానిని ఒక సిద్ధాంతంగా నిలబెట్టారు. వయోజనుడికి ఇది నాకెందుకు అన్నది ముందు తెలియాలి. తనను తాను నడిపించుకునే మనిషిగా గుర్తింపు ఉండాలి. అతని అనుభవం పాఠంలో భాగం కావాలి. జీవితంలో అవసరం ఎదురైనప్పుడే అతనికి నేర్చుకునే సంసిద్ధత వస్తుంది - స్థూలంగా ఆయన వాదం ఇది. ఇంగ్లీషు సాహిత్యం చదివినవాణ్ని కనుక నా కన్ను ఉపశీర్షికల మీద పడుతుంది. 1970 నాటి కూర్పులో ఆయన వయోజన బోధనను శిశుబోధనకు 'ప్రతిగా' నిలబెట్టారు. 1980 కూర్పు వచ్చేసరికి ఆ ఉపశీర్షికను మార్చి, శిశుబోధన 'నుంచి' వయోజన బోధన 'కు' అన్నారు. పదేళ్లలో ఆయన తెలుసుకున్నది, మా శిక్షకురాలికి ఇన్సులిన్ సీసా దగ్గర తెలిసినది ఒకటే. ఒకే మనిషి ఒక పనిలో గురువు, మరొక పనిలో పసిపిల్ల. నర్సింగ్ గురించే రాసిన పాట్రీషియా బెన్నర్ కూడా 1984లో ఇదే చెప్పారు. ఒక వార్డులో ఆరితేరిన నర్సును తెలియని వార్డుకు మారిస్తే ఆమె మళ్లీ మొదటి మెట్టు మీదే నిలబడవలసి వస్తుందన్నారు.

కనుక సంసిద్ధత అనేది ప్రవేశ పరీక్షలో వచ్చే ఒక్క అంకె కాదు. అది మనిషి మనిషికీ, పని పనికీ మారుతుంది. దానిని కనిపెట్టవలసిన బాధ్యత చదువుకునేవారిది కాదు, చదువు చెప్పే సంస్థది.

ఈ పాఠాన్ని నాకు మొదట నేర్పినవారు పండితులు కారు. 1990 దశకం తొలి సంవత్సరాలలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం సాగుతున్న రోజుల్లో నేను డిగ్రీ విద్యార్థిని. ఒక పల్లెలో రాత్రి బడికి వాలంటీరుగా వెళ్లాను. మొదటి రోజు పలక పట్టుకుని, చిన్నపిల్లలకు చెప్పినట్లే రాగయుక్తంగా అక్షరాలు మొదలుపెట్టాను. ఒక పెద్దామె ఓపికగా కాసేపు విని, "నాయనా, ఈ పిల్లకాయల పాట మాకెందుకు? కూలి చీటీలో ఎంత రాశాడో చదువుకునేది నేర్పించు చాలు" అన్నది. ఆ రాత్రి పాఠం కూలి చీటీ మీదే జరిగింది. నా బోధనా సామర్థ్యం అంతంతమాత్రమే అయినా, కొద్ది రోజుల్లోనే వారు అంకెలు గుర్తుపట్టారు. ఆ జిల్లాలోనే, వాచకంలోని తాగుడు సంసారం కథ చదువుకున్న దూబగుంట మహిళలు సారా దుకాణం మీదికి వెళ్లిన సంగతీ, ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుని 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చిన సంగతీ తెలుగు పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. ఆ మహిళల జీవితంలో ఉన్న ప్రశ్ననే పాఠంగా పెట్టినందువల్ల ఆ చదువు అంత దూరం నడిచింది.

అంతకంటె ముందు నడిచిన ఒక తెలుగు మహిళను ఈ సందర్భంలో తలచుకోకపోవడం అపచారం. దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లి వచ్చి, తోటివారు పిల్లల చదువుల గురించి ఆలోచించుకునే వయస్సులో తాను బెనారస్ మెట్రిక్యులేషన్‌కు కూర్చున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి, 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకుని, రాజ్యాంగ సభ దాకా వచ్చారు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు ఆమె తొలి అధ్యక్షురాలు. పల్లెలకు నర్సులు, ఉపాధ్యాయినులు, గ్రామసేవికలు కావాలి. శిక్షణకు పంపుదామంటే మెట్రిక్ పాసైన ఆడవాళ్లు పల్లెల్లో దొరకరు. మామూలు పాలకులైతే అర్హత గల అభ్యర్థులు లేరని ఫైలు మూసివేసేవారు. దుర్గాబాయి హయాంలో బోర్డు 1958లో, మధ్యలో చదువు మానిన వయోజన స్త్రీలను రెండేళ్లలో మెట్రిక్‌కు సిద్ధంచేసే ప్రత్యేక తరగతుల పథకాన్ని ప్రారంభించింది. అభ్యర్థులు సిద్ధంగా లేకపోతే వారిని సిద్ధం చేయడం ప్రభుత్వం పని అని ఒప్పుకున్న పథకమది.

ఇది మన దేశానికి మాత్రమే సంబంధించిన సమస్య కాదు. ఉపఖండమంతటా ప్రజారోగ్యం ఇటువంటి స్త్రీల భుజాల మీదే నిలబడింది. నేపాల్ 1988లో మహిళా ఆరోగ్య స్వచ్ఛంద సేవికలను నియమించింది. పాకిస్తాన్ 1994లో లేడీ హెల్త్ వర్కర్లతో పల్లెలకు వెళ్లింది. మనం 2005లో ఆశా కార్యకర్తల పథకం తెచ్చాం. ఆ ఊరి కోడలై, 25 నుంచి 45 ఏళ్ల మధ్య వయస్సు కలిగి ఉండాలన్నది మన నియమం. అంటే కావాలనే వయోజనులను ఎంచుకున్నాం. పది లక్షల మంది దరిదాపుల్లో ఉన్న ఈ స్త్రీలకు 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పురస్కారం ఇస్తే మనమంతా పొంగిపోయాం. వారిలో చదువుకోవాలనుకునేవారికి కొన్ని రాష్ట్రాలు ఏ.ఎన్.ఎం. శిక్షణలో ప్రాధాన్యం ఇస్తున్నాయి. మంచిదే. అయితే పదిహేనేళ్ల కింద పుస్తకం మూసిన మనిషిని ఇంటర్ పాసైన పిల్ల పక్కన కూర్చోబెట్టి, అదే నోట్సు, అదే వేగం, అదే పరీక్ష అంటే ప్రాధాన్యం ప్రవేశం దగ్గరే ఆగిపోతుంది.

పాత కౌన్సిల్ నిబంధనలలోనూ ఇదే వరస. జనరల్ నర్సింగ్ ప్రవేశానికి 35 ఏళ్ల వయోపరిమితి విధించి, ఏ.ఎన్.ఎం.లకు మాత్రం ఆ పరిమితి వర్తించదన్నారు. నిస్సందేహంగా ఉదారమైన మినహాయింపు. తలుపు తెరిచారు గాని, తెలుగులో ఏ.ఎన్.ఎం. పాఠాలు విన్న నలభై ఏళ్ల మనిషి ఇంగ్లీషు శరీర ధర్మశాస్త్రాన్ని ఎలా దాటాలో ఆలోచించలేదు. ఆలోచించిన చోట దారులు కనబడకపోలేదు. ఉద్యోగం చేస్తున్న నర్సులకోసం ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం పోస్ట్ బేసిక్ డిగ్రీని దూరవిద్యలో అందించింది. 2018లో ప్రకటించిన 1,50,000 ఆరోగ్య కేంద్రాలకు సామాజిక ఆరోగ్య అధికారులను తయారుచేయడానికి ఆరు నెలల వారధి కోర్సు పెట్టారు. పనిలో ఉన్నవారిని పై మెట్టు ఎక్కించడం సాధ్యమేనని ప్రభుత్వమే నిరూపించిందన్న మాట.

ఇప్పుడు కొత్త చట్టం సంగతి. నర్సింగ్ సంస్థలలో ప్రవేశానికి ఏకరూప విధానం ఉండాలన్నది ఆ చట్టం ఉద్దేశాలలో ఒకటి. క్యాపిటేషన్ ఫీజుల బెడదను, ఇష్టారాజ్యపు ప్రవేశాలను చూసినవారెవరూ దీనిని కాదనలేరు. 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 157 కొత్త నర్సింగ్ కళాశాలలకు 1,570 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. దేశంలో వెయ్యిమంది జనాభాకు ఇద్దరు నర్సుల దరిదాపుల్లోనే ఉన్నామని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపిన లెక్కలు చెబుతున్నాయి. ముగ్గురు ఉండాలన్నది తరచు ఉదహరించే ప్రమాణం. కనుక కొత్త కళాశాలలు కావలసిందే. కాని ప్రవేశంలో ఏకరూపత వేరు, బోధనలో ఏకరూపత వేరు. మొదటిది న్యాయం. రెండవది, ఈ ఉదయపు తరగతిలో నేను చూసినట్లు, న్యాయం పేరిట జరిగే అన్యాయం. 17 ఏళ్ల పిల్లకూ 38 ఏళ్ల తల్లికీ ఒకే ప్రశ్నపత్రం ఇవ్వండి, తప్పులేదు. ఆ ప్రశ్నపత్రం దాకా ఇద్దరూ ఒకే బాటలో నడవాలనడం తప్పు.

దీనికి ఎదురయ్యే అభ్యంతరాన్ని నేను తేలికగా తీసుకోను. ఇది ప్రాణాలతో పని. జాలితో పట్టాలు ఇస్తే మూల్యం చెల్లించేది రోగి. అనుభవానికి మార్కులు అనగానే అనుభవ ధ్రువపత్రాల దుకాణాలు వెలుస్తాయి. మధ్యప్రదేశ్ నర్సింగ్ కళాశాలల వ్యవహారం మన కళ్ల ముందే ఉంది. సరైన వసతులూ అధ్యాపకులూ లేకుండానే నడుస్తున్నాయన్న ఆరోపణలపై అక్కడి హైకోర్టు సి.బి.ఐ. విచారణకు ఆదేశించింది. 2024 మేలో, ఆ విచారణలో పాల్గొన్న సి.బి.ఐ. అధికారులే లంచం ఆరోపణలపై అరెస్టయ్యారు. కంచే చేను మేసిన చోట, అనుభవానికి గుర్తింపు ఇవ్వండని అడగడం అమాయకత్వం కాదా అని ఎవరైనా నిలదీయవచ్చు.

నిలదీయవలసిందే. అందుకే నేను అడుగుతున్నది ప్రమాణం తగ్గించమని కాదు, ప్రమాణం దాకా తీసుకువెళ్లే బాట సరిచేయమని. అనుభవాన్ని కాగితం చూసి కాక, వార్డులో, బయటి పరీక్షకుల ఎదుట, చేతులతో చేయించి చూసి గుర్తించవచ్చు. నిమ్ము లెక్కపెట్టగల మనిషి బిడ్డ పక్కన నిలబడి లెక్కపెట్టి చూపితే, ఆ భాగం ఆమెకు వచ్చినట్లు రాసి, ఆ మిగిలిన గంటలను ఆమెకు రాని ఇంగ్లీషుకు ఇవ్వవచ్చు. చేరిన తొలి వారాల్లోనే భాష, మందుల లెక్క, కంప్యూటరు, చేతిపని - వీటిలో ఎవరు ఎక్కడ ఉన్నారో పరీక్షించవచ్చు. ఆ పరీక్ష ఎవరినీ ఇంటికి పంపడానికి కాదు, ఎవరికి ఏది ఎక్కువ చెప్పాలో తెలుసుకోవడానికి. ఇంగ్లీషు వద్దనడం అవివేకం. మందుసీసా మీద పేరు, డాక్టరు రాసిన ఉత్తరువు, రేపు మరొక రాష్ట్రంలో ఉద్యోగం అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. కాని టాకిప్నియా అనే మాట పక్కన, బిడ్డ వేగంగా ఊపిరి తీయడమని వారి వారి భాషలో ఒక్క ముక్క రాసి ఉంచితే ఏ ప్రమాణమూ కుంగిపోదు. అదే విధంగా మిజోరాం యువతికి రోగి మాట్లాడే హిందీని ఒక పాఠంగా నేర్పడం కూడా నర్సింగ్ విద్యలో భాగమే.

ఇక అధ్యాపకుల సంగతి. ఆ ఉదయం నోట్సు చెప్పిన యువతిని నేను నిందించను. ఆమెకు ఎవరు ఎలా చెప్పారో ఆమె అలాగే చెబుతోంది. తనకంటె పెద్దవారికి, తనకంటె ఎక్కువ రోగులను చూసినవారికి ఎలా బోధించాలో ఆమెకు నేర్పినవారు లేరు. అధ్యాపకుల ప్రమాణాలు నిర్ణయించడం కూడా కొత్త కమిషన్ విధుల్లో ఉంది. పట్టాలు, సంవత్సరాల అనుభవం లెక్కకట్టడంతో ఆ పని ముగిసిందనుకుంటే పొరపాటు. ఉద్యోగంలో ఉన్నవారికి జీతంతో కూడిన చదువు సెలవు, పసిపిల్లల తల్లులకు కళాశాలలో ఒక శిశు సంరక్షణ గది - ఇవి దయాధర్మాలుగా కాక, గుర్తింపు ఇచ్చే ముందు తనిఖీచేసే అంశాలుగా ఉండాలి. ప్రయోగశాలలో ఎన్ని బొమ్మలున్నాయో లెక్కపెట్టే తనిఖీ బృందం, రాత్రి డ్యూటీ దిగి నేరుగా తరగతికి వచ్చే విద్యార్థులు ఎందరో కూడా లెక్కపెట్టాలి.

సాయంత్రం నాలుగు గంటలకు నా ఉపన్యాసం జరిగింది. బిల్లు ఎలా పుడుతుంది, స్థాయీ సంఘం ఏమి చేస్తుంది, చట్టానికీ దాని కింద వచ్చే నిబంధనలకూ తేడా ఏమిటి వగైరా చెప్పాను. ప్రశ్నలు అడగమంటే ముందు ఎవరూ లేవలేదు. ఉదయం తల వంచుకుని కూర్చున్న మన తెలుగు ఆమె లేచి, "ఆ చట్టంలో మాలాంటోళ్ల గురించి ఏటైనా ఉందా సార్?" అని తెలుగులోనే అడిగారు. తరగతికి అర్థంకావాలని ప్రశ్నను హిందీలోకి మార్చి, ప్రవేశాల గురించి, ప్రమాణాల గురించి ఉందనీ, మీవంటివారికి ఎలా బోధించాలో చెప్పవలసినది నిబంధనలనీ సమాధానమిచ్చాను. "అవి రాసే ముందర ఎవరైనా ఒకసారి పొద్దుట మా క్లాసుకొచ్చి కూర్చుంటే బాగుణ్ణు" అన్నారు ఆమె.

చట్టం కింద తయారయ్యే ప్రతి నిబంధననూ పార్లమెంటు ఉభయ సభల ముందు ఉంచవలసి ఉంటుంది. సాధారణంగా ఆ కాగితాలు సభాపీఠం బల్ల మీదికి వస్తాయి, గ్రంథాలయానికి వెళతాయి, ఎవరూ చదవరు. సవరణ కోరే హక్కు మాత్రం ప్రతి సభ్యుడికీ ఉంది. నినాదాల మధ్య ఆ బిల్లు గట్టెక్కిన రోజున అడగవలసిన ప్రశ్న అడగలేకపోయినవారు ఆ నిబంధనలు తెప్పించుకుని చదివితే, పోయిన అవకాశంలో కొంతైనా దక్కుతుంది. తెలుగు సభ్యులు ముందుగా చదివితే మరింత సంతోషం. మన తెలుగు ఆమె తప్పిన ఆ పేపరు మళ్లీ రాయడానికి ఇంకా కొన్ని వారాలే ఉంది. భోజనాల వేళ రాజస్థాన్ కుర్రవాడు రోజూ ఆమెకు ఇంగ్లీషు పదాలు చెబుతున్నాడు. రోగి బంధువుతో ఎలా మాట్లాడాలో ఆమె అతనికి చెబుతున్నారు. ఆ ఏర్పాటు కళాశాల చేసినది కాదు, వారిద్దరూ చేసుకున్నది.